మూడో అంకంలో వన్స్‌మోర్

రాజమహేంద్రవరం,
చైత్ర బహుళ విదియ.

చిరంజీవి వరహాలుకు అన్నయ్య సూర్యప్రకాశం దీవించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మీ అత్తగారికి, మామగారికి నా నమస్కారాలు చెప్పు. ఈ ఉత్తరం ముందుగా మామగారే విప్పుతారని నాకు తెలుసు. అందుకే వారు కూడా నవ్వుకునే కబురే రాస్తున్నాను.

నేను ఆడదాన్నయ్యాను. కంగారుపడకు. పొద్దున్న బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే పని ఎప్పటిలాగే ఉంది. సాయంత్రమైతే మాత్రం చీర కట్టుకుని, సవరం పెట్టుకుని, నడుం తిప్పుకుంటూ నడవడం నేర్చుకుంటున్నాను. మా ఊళ్ళో నాటకసమాజం పెట్టారు. మీసం సరిగా మొలవని పాపానికి నాయిక వేషం నా నెత్తిన పడింది.

నువ్వు తోలుబొమ్మలాట చూశావు, వీధిభాగవతం చూశావు. నాటకం వాటిలా ఉండదు. భాగవతంలో ఆడేవాడు మన మధ్యకే వస్తాడు, మనం వాడి మొహాన దివిటీ పట్టుకు కూర్చుంటాం. ఇక్కడ పెద్ద పందిరి, దాని కొసన ఎత్తయిన అరుగు, అరుగుకు అడ్డంగా బొమ్మలు వేసిన తెర. గంట కొడితే తెర లేస్తుంది. అవతల ఇంకో ఊరు, ఇంకో రాజు, వాళ్ళ కష్టాలూ సుఖాలూ ఉంటాయి. వాళ్ళు మనల్ని చూడనట్టే మాట్లాడుకుంటారు. మనం దొంగతనంగా పొరుగింటి కిటికీలోంచి చూసినట్టు చూడాలి. సంస్కృతం నుంచి తెచ్చినవి రెండు ఆడారు, ఇంగ్లీషు నుంచి తెచ్చినది ఒకటి ఆడారు. ఆ దొరల నాటకంలో ఆఖరికి అందరూ చచ్చిపోతారట. మనవాళ్ళు ఒప్పుకోలేదు, ఇద్దర్ని బతికించి పెళ్ళి చేసి పంపారు.

ఇంకో వింత ఉంది. పద్యం నచ్చితే చూసేవాళ్ళు "వన్స్‌మోర్" అని అరుస్తారు. ఇంకొక్కసారి అని దానర్థం. అరిస్తే ఇక పాడి తీరాలి. పాడకుండా తెర దించితే మర్యాద తప్పినట్టు. మొన్న ఒక నాటకంలో రాజు పద్యం పాడి, కత్తితో పొడుచుకుని పడిపోయాడు. పందిరంతా వన్స్‌మోర్. పాపం ఆయన లేచి, పంచె దులుపుకుని, పాడి, మళ్ళీ చచ్చాడు.

మేము వేయబోయే నాటకం పేరు కుముదిని. మా సమాజం పెద్ద చయనులుగారు రాశారు. కుముదిని మొగుడు యుద్ధానికి పోతాడు. చచ్చిపోయాడని అబద్ధపు కబురొస్తుంది. అత్తవారు ఆమె సౌభాగ్యచిహ్నాలన్నీ తీయించి మంగలిని పిలుస్తారు. కత్తి తలకు తగిలేలోపల మొగుడు గుర్రం మీద వచ్చేస్తాడు. మూడో అంకమంతా నా ఏడుపే. నాలుగో అంకమంతా యుద్ధం, అందులో నాకు పనిలేదు. అయిదో అంకంలో మంగలీ మొగుడూ.

చిక్కంతా మూడో అంకంతోనే. ఎంత ఏడ్చినా ఏడుపులా లేదు. "మీరేడుస్తుంటే గేదె తప్పిపోయినవాడు వెతుక్కుంటున్నట్టుందండీ ప్రకాశంగారూ" అన్నారు చయనులుగారు. ఆడవాళ్ళు అసలు ఎలా ఏడుస్తారే వరహాలూ? కాస్త చెప్పి పుణ్యం కట్టుకో.

ఇట్లు,
సూర్యప్రకాశం.


ముక్కామల,
వైశాఖ శుద్ధ దశమి.

అన్నయ్యకు వరహాలు నమస్కరించి వ్రాయునది.

నీ ఉత్తరం మామగారు భోజనాల దగ్గర చదివారు. రాజు లేచి మళ్ళీ చచ్చిన చోట పొలమారి నీళ్ళు తాగారు. సాయంత్రం అరుగు మీద నలుగురినీ కూర్చోబెట్టి ఇంకోసారి చదివారు. ఇప్పుడు మా వీధిలో పిల్లలు కూడా వన్స్‌మోర్ అంటున్నారు. ఒక్క విషయంలో మాత్రం నీకు తప్పు పట్టారు. వైధవ్యం వచ్చినదానికి "చిరంజీవి" అని ఊరుకోకూడదట, "గంగాభాగీరథీ సమానురాలు" అని రాయాలట. లెక్కల మేష్టరువి, మర్యాదలు నీకేం తెలుస్తాయిలే అని సర్దుకున్నారు.

ఈ ఉత్తరం ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో వడ్లు దంపే లోవమ్మ అంబాజీపేట సంతకు వెళ్ళినప్పుడు టపాలో వేస్తుంది. అందరూ వినకూడని మాట ఏదైనా ఉంటే లోవమ్మ పేర రాయి. ఆమెకు చదువు రాదు, నోటినుంచి మాట జారదు.

ఎలా ఏడుస్తారని అడిగావు. మొదట ఒళ్ళు మండింది. మామగారు చదువుతుంటే, వింటున్న ఆడవాళ్ళంతా నావంకే చూశారు. ఆ తరవాత అనిపించింది, ఈ ఎనిమిదేళ్ళలో నన్నెవరూ అడగలేదు కదా అని. అందుకని చెబుతున్నాను.

నువ్వూ నాన్నా మూడో రోజుకు గాని రాలేదు. మొదటి రోజు మీకు తెలియదు. నేను పెరట్లో గచ్చకాయలాడుతున్నాను. పొద్దున్నే అత్తగారు మల్లెమొగ్గలతో నాకు పూలజడ వేశారు, ఆవిడే వేశారు, ముచ్చటపడి. పదకొండేళ్ళదాన్ని, జడ ముందుకు వేసుకుని మాటిమాటికీ చూసుకుంటున్నాను. వేదం చదువుకోవడానికి వెళ్ళిన ఆయన జ్వరంతో పోయారని పడవవాళ్ళు కబురు తెచ్చారు. అత్తగారు నడవాలోంచి గుండెలు బాదుకుంటూ వచ్చి నా జడలో పూలు పీకడం మొదలుపెట్టారు. నేనేమన్నానో తెలుసా? "పూలు నేనే తీసేస్తానండి, జడ లాగకండి" అన్నాను. "జడతో నీకింకేం పనే" అన్నారు అత్తగారు. అప్పుడు ఏడ్చాను. ఆయన కోసం కాదు అన్నయ్యా. ఆయన మొహం నాకు సరిగ్గా తెలియనైనా తెలియదు. తల నొప్పికి ఏడ్చాను. ఆ ఏడుపులో గొంతు పైకి పోలేదు, లోపలికే పోయింది. గుక్క తిప్పుకోలేక ఊపిరాడనట్టయింది. దెబ్బలు తిన్న పిల్ల ఏడుస్తున్నట్టే ఉండి ఉంటుంది చూసేవాళ్ళకి.

అంతే. జుట్టు తీయించడం ఇంకొన్నేళ్ళు పోయాక చూద్దామని నాన్న ఆవేళ కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాడు. ఆ మాట మీద ఇన్నాళ్ళూ గడిచింది. నాన్న పోయినా, మాట ఇంకా నడుస్తోంది.

ఈ సంగతి నువ్వొక్కడివే చదువు.

ఇట్లు,
వరహాలు.


రాజమహేంద్రవరం,
జ్యేష్ఠ బహుళ పంచమి.

చిరంజీవి వరహాలుకు,

లోవమ్మ చేతికి ఇది జాగ్రత్తగా చేరుతుందనుకుంటాను. మామగారు ఎన్ని చెప్పినా నేను "చిరంజీవి" అనే రాస్తాను, ఆ గంగనూ భాగీరథినీ ఆయన్నే తలుచుకోమను.

ఆడాం. నాటకం ఆడాం వరహాలూ. ఏమని చెప్పను? మూడో అంకంలో నేను అరవలేదు, గుండెలు బాదుకోలేదు. నువ్వు చెప్పినట్టే గొంతు లోపలికి తీసుకున్నాను. చయనులుగారికి చెప్పి, అక్కడ నీ మాట పెట్టించాను. ఒక్క అక్షరం మార్చలేదు. అత్తగారి మాట కూడా ఉన్నదున్నట్టే వేశాం. "పూలు నేనే తీసేస్తానండి, జడ లాగకండి" అన్నాను. ఆ మాట మీదనే పద్యం ఎత్తుకున్నాను. ముందు వరసలో ప్లీడర్లు, తాసీల్దారుగారు, అందరి మొహాల మీదా ఉత్తరీయాలే. తరవాత మొదలయింది వన్స్‌మోర్. మూడుసార్లు. పద్యం ఒక్కటే పాడితే ఒప్పుకోలేదు, పూలు తీసే దగ్గర్నించీ మళ్ళీ చెయ్యమన్నారు. తెర వెనక ఒక బుట్టెడు మల్లెలు దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది, మళ్ళీ మళ్ళీ గుచ్చడానికి.

ఏలూరు నుంచి, కాకినాడ నుంచి మనుషులొచ్చి మా ఊళ్ళోనూ ఆడమంటున్నారు. బజారులో నడుస్తుంటే "కుముదిని పోతోంది" అంటున్నారు. లెక్కలు చెప్పుకునే నాకు ఇదంతా నిన్న కన్న కలలా ఉంది. నీకు కోపం రాదని నాకు తెలుసు. నీ దుఃఖం నలుగురికీ తెలిస్తే రేపు ఇంకో పిల్లకు మేలు జరుగుతుంది కదా అని చయనులుగారు కూడా అన్నారు.

మీ మామగారికి వేరే ఉత్తరం వేశాను. భాద్రపదంలో పుష్కరాలకు వచ్చినప్పుడు నాటకం చూడమని, ముందు వరసలో కుర్చీ వేయిస్తానని రాశాను.

నీ అన్నయ్య,
సూర్యప్రకాశం.


ముక్కామల,
ఆషాఢ శుద్ధ ఏకాదశి.

అన్నయ్యకు,

కోపం వచ్చింది. ఆ మాట నీకు చెప్పాను, పందిరికి చెప్పలేదు. బుట్టెడు మల్లెలని రాశావే, అక్కడ ఉత్తరం మడిచి రోలు కింద పెట్టేశాను. మర్నాటికి గాని మిగతాది చదవలేదు.

ఆ కోపం ఇప్పుడు పక్కన పెడుతున్నాను, అంతకంటే పెద్దది వచ్చి పడింది. అత్తగారికి చేతివేళ్ళు వంగడం లేదు. తద్దినాలకు మడివంట చెయ్యలేకపోతున్నారు. నేను చేద్దామంటే సకేశిని, జుట్టున్న విధవ చేతి వంట భోక్తలు ముట్టరు. మొన్న మా మామగారి తండ్రి తద్దినానికి వంటమనిషిని వెతకలేక వెతకలేక పొద్దు తిరిగిపోయింది. ఆవేళే నిశ్చయం చేశారు. పుష్కరాలకు అందరం రాజమహేంద్రవరం వస్తున్నాం. కోటిలింగాల రేవులో నాకు తల తీయించేస్తారు. ముందురోజు సాయంత్రం నీ నాటకం చూస్తారు. స్వామికార్యమూ స్వకార్యమూ అని మామగారు సంతోషిస్తున్నారు. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నించీ ఆయనకు నాటకం తప్ప ఇంకో ధ్యాస లేదు.

ఆయన చెడ్డవాడు కాదు. "నీకు మంచిదేనమ్మా, ఇకమీదట వంటిల్లంతా నీదే" అన్నారు నాతో. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు, అదే నా భయం.

నన్ను తీసుకుపో అన్నయ్యా. జుట్టు మీద మోజుతో అడుగుతున్నాననుకోకు. ఒక్కసారి తల తీశాక నేను ఈ ఇంటికి మడివంట మనిషిని. నెలనెలా మంగలి, రోజూ పొయ్యి. ఆ వంటింట్లోంచి నన్ను మోసుకునే తేవాలి. నాకు పంతొమ్మిదేళ్ళు. రామాయణం అర్థం చెప్పగలను, నీకంటే గుండ్రంగా రాయగలను. ఎక్కడైనా నాలుగు మెతుకులు సంపాదించుకుని తినలేనా?

ఇట్లు,
వరహాలు.


రాజమహేంద్రవరం,
శ్రావణ శుద్ధ షష్ఠి.

చిరంజీవి వరహాలుకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నిన్ను కొన్నాళ్ళు నా దగ్గరుంచుకుంటానని మామగారికి మర్యాదగా రాసి చూశాను. "మా ఇంటి కోడలు మా ఇంట్లోనే" అని ఒక్క ముక్కలో జవాబిచ్చి, కింద నాలుగు వరసలు నాటకం గురించి రాశారు.

ఇక మర్యాదలు చాలు. ఇక్కడ విధవలకు చదువు చెప్పి, బతుకుతెరువు చూపించే ఇల్లొకటి ఉంది. ఆ ఇంటి పెద్దమ్మగారితో మాట్లాడాను, నిన్ను తీసుకొచ్చిన క్షణాన తలుపు తీస్తానన్నారు. ఒకసారి లోపలికి వెళితే మీవాళ్ళు వచ్చి గుంజుకుపోవడానికి వీల్లేదు. కావలసిందల్లా నిన్ను సత్రంలోంచి ఆ ఇంటిదాకా చేర్చడం.

విను. మీ వాళ్ళు దిగే సత్రం మా నాటకం పందిరి వెనకసందులోనే. ఆ రోజు సాయంత్రం అందరూ నాటకానికి వస్తారు. నిన్ను తీసుకురారు, సత్రంలోనే ఉంచుతారు. మూడో అంకం అయిపోగానే తెర పడుతుంది. నాలుగో అంకమంతా నాకు పనిలేదని రాశాను కదా. వేషం విప్పను. చీరతోనే వెనకనించి వస్తాను. ఆడవాళ్ళుండే వైపుకి ఆడదాన్నెవరాపుతారు? పెరటి తలుపు దగ్గర ఉండు. సందు చివర గూడుబండి ఉంటుంది. నిన్ను ఆ ఇంటి గుమ్మం ఎక్కించి, అయిదో అంకానికి తిరిగి వచ్చేస్తాను. మీ మామగారు కుముదిని మొగుడొచ్చాడని చప్పట్లు కొట్టి సత్రానికి వచ్చేసరికి పిట్ట ఎగిరిపోయి ఉంటుంది.

ధైర్యంగా ఉండు. నాన్న కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకున్న మాట ఈసారి నేను నిలబెడతాను.

నీ అన్నయ్య,
సూర్యప్రకాశం.


ముక్కామల,
శ్రావణ బహుళ విదియ.

అన్నయ్యకు,

ఉత్తరం అందింది. చదివి పొయ్యిలో వేశాను. పెరటి తలుపు దగ్గర ఉంటాను. నాతో సూరమ్మ అత్తయ్యను కాపలా ఉంచుతారు. ఆవిడకు చెవుడు, దీపం పెడితే నిద్ర.

ఒక్క సంగతి. నువ్వే రావాలి. బండివాణ్ణి గాని, స్నేహితుణ్ణి గాని పంపితే నేను గడప దాటను. అన్నతో వెళితే అన్నతో వెళ్ళిందంటారు. ఇంకొకడితో వెళితే ఏమంటారో నీకు తెలుసు, ఆ పెద్దమ్మగారైనా నన్ను లోపలికి రానివ్వరు.

మల్లెల సంగతి మరిచిపోయాను. నువ్వూ మరిచిపో. నిన్నగాక మొన్న పుట్టినంత తేలిగ్గా ఉంది నాకు.

వరహాలు.


రాజమహేంద్రవరం,
భాద్రపద బహుళ ద్వాదశి.

చిరంజీవి వరహాలుకు,

ఎలా రాయాలో తెలియడం లేదు. ఆ రోజు మన అదృష్టం బాగాలేదు. బండి చక్రం సందు మొగలోనే ఇరుక్కుంది. పుష్కరాల జనం సంగతి నువ్వూ చూశావు, ఇసుక వేస్తే రాలలేదు. చీర కట్టుకుని ఆ తొక్కిసలాటలో నేను అడుగు ముందుకు వెయ్యలేకపోయాను. ఎలాగో సందులోకి వచ్చేసరికి సత్రం ముంగిట మీవాళ్ళ చెప్పులు కనిపించాయి. మర్నాడు పొద్దున్న రేవుకు వద్దామంటే జ్వరం.

తలరాత తప్పించడం ఎవరి తరం? అయినా నేను ఊరుకోను. ఏదో ఒక ఉపాయం ఆలోచిస్తాను. చయనులుగారు కూడా చాలా బాధపడ్డారు. నువ్వు మనసు రాయి చేసుకుని ఒక్క ఏడాది ఓపిక పట్టు.

మందు తీసుకుంటున్నాను, తగ్గుముఖం పట్టింది. నీ జవాబు కోసం చూస్తూ ఉంటాను.

నీ అన్నయ్య,
సూర్యప్రకాశం.


ముక్కామల,
ఆశ్వయుజ శుద్ధ నవమి.

అన్నయ్యకు వరహాలు వ్రాయునది.

జ్వరం తగ్గినందుకు సంతోషం. బండి చక్రం సంగతి నాకు తెలియదు. నీ గొంతు మాత్రం బాగా వినిపించింది. పెరటి గోడకు అవతలే కదా మీ పందిరి.

దీపం పెట్టగానే సూరమ్మ అత్తయ్య గోడకు జేరబడి నిద్రపోయింది. నేను పెరటి తలుపు గడియ తీసి, నిలబడ్డాను. కొంతసేపటికి నా మాట నీ నోట వినిపించింది. నాకు కోపం రాలేదు ఈసారి. ఇది అయితే తెర పడుతుంది, తెర పడితే అన్నయ్య వస్తాడు అనుకున్నాను. నా దుఃఖమే నా బండి కదా అని నవ్వు కూడా వచ్చింది. నువ్వు పద్యం ఆపావు. జనం వన్స్‌మోర్ అన్నారు. సరే, మర్యాద కదా అనుకున్నాను. మళ్ళీ మొదట్నించి, పూలు తీయడం దగ్గర్నించి. మళ్ళీ వన్స్‌మోర్. మూడోసారి నీ గొంతు ఇంకా బాగుంది. రాగం నిలిపావు, సాగదీశావు, చప్పట్లకు ఆగి మళ్ళీ అందుకున్నావు. తొందరలో ఉన్నవాడు అలా పాడడు అన్నయ్యా. నేను గడపకు ఇవతల నిలబడి, అన్నయ్యకు నేను గుర్తున్నానా అని నన్ను నేనే అడిగాను.

నువ్వు నాలుగోసారి ఎత్తుకున్నప్పుడు అత్తగారు వచ్చారు. "జడతో నీకింకేం పనే" అని నాటకంలో అత్త అన్నప్పుడే ఆవిడ గతుక్కుమన్నారట. ఎనిమిదేళ్ళనాటి తన మాట తనే గుర్తుపట్టుకున్నారు. నాలుగుసార్లు వినేటప్పటికి కూర్చోలేక లేచి వచ్చేశారు. తెరిచిన పెరటి తలుపు చూశారు, నన్ను చూశారు. అరవలేదు. గడియ వేసి, నా ముంజేయి పట్టుకుని పక్కన కూర్చున్నారు. "నేను కడుపుకోతతో అన్న మాట ఊరందరి ముందరా పెట్టించావటే" అన్నారు. తెల్లారేదాకా ఆ వంగని వేళ్ళతోనే పట్టుకు కూర్చున్నారు. మధ్యమధ్య ఆవిడ కూడా ఏడ్చారు. ఆవిడను నేనేమీ అనలేకపోయాను.

మామగారు నాటకం అయ్యాక వచ్చారు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "మీ అన్నయ్య గంధర్వుడమ్మా. అందరికంటే ముందు వన్స్‌మోరన్నది నేనే. అరిచి అరిచి గొంతు పోయింది చూడు" అన్నారు. ఆ రాత్రి ఆయన ఫలహారం చెయ్యలేదు. కుముదిని కష్టం తలుచుకుంటే ముద్ద దిగలేదట.

మర్నాడు రేవులో నన్ను కూర్చోబెట్టారు. పక్కన ఇంకా నలుగురైదుగురు విధవలున్నారు, ముసలివాళ్ళు. మంగలి జడ విప్పడానికి పట్టుకున్నాడు. నాకు తెలియకుండానే నా నోట వచ్చింది, "నేనే విప్పుతాను, జడ లాగకండి" అని. ఒడ్డున నిలబడ్డ వాళ్ళలో ఒకావిడ "చూశారా, నాటకంలో మాట అంటోంది" అంది. కొందరు నవ్వారు. ఒకాయన "బాగానే అంది, కాని నిన్న ఆ అబ్బాయి అన్నట్టు లేదు" అన్నాడు. దాంతో ఏడుపు కూడా ఆగిపోయింది నాకు. ఏడిస్తే నిన్ను చూసి నేర్చుకున్నదనుకుంటారు. మామగారు ఉత్తరీయం నోట్లో కుక్కుకుని అటు తిరిగి నిలబడ్డారు. "మెల్లిగా కానివ్వవోయ్, పిల్ల భయపడుతోంది" అన్నారు మంగలితో. వాడు మెల్లిగానే చేశాడు.

ఏడాది ఓపిక పట్టమన్నావు. వద్దు. ఇకమీదట లోవమ్మ పేర రాయకు. రాయవలసిందేమైనా ఉంటే మామగారి పేరనే రాయి, ఆయన చదివి వినిపిస్తారు.

ఇంకో కబురు. మాఘమాసంలో మా చిన్న ఆడపడుచు పెళ్ళి. మామగారు మీ సమాజం మొత్తాన్ని పిలిపిస్తున్నారు. పెళ్ళిపందిట్లో కుముదిని ఆడించకూడదని అత్తగారు ఎంత చెప్పినా వినలేదు. ఆఖరికి మొగుడు వచ్చేస్తాడు కదా, అది మంగళాంతమే అంటున్నారు. మీ అందరికీ మా ఇంట్లోనే భోజనాలు. వంటకు ఇబ్బంది లేదు, ఇప్పుడు నా చేతి వంట ఎవరైనా తింటారు. నీకు పనసపొట్టు కూర ఇష్టం, ఆవ పెట్టి పెద్ద గిన్నెతో చేస్తాను. నేను పంక్తిలోకి రాకూడదు, వంటింటి తలుపు వెనక ఉంటాను. మొహమాటపడకుండా కడుపునిండా తిను. తిని, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం పాడు. వాళ్ళు అడిగినన్నిసార్లూ పాడు.

ఇట్లు,
వరహాలక్ష్మి.